నన్ను కనకముందటి అమ్మ

అమ్మా, నువ్వు పోయిన పొద్దున ఊరంతా వచ్చింది. మొగల్తూరు నుంచి మేనమామలు వచ్చారు. పాలకొల్లు నుంచి పెద్దమ్మ, ఆవిడ కోడళ్ళు వచ్చారు. రేవు అవతల సఖినేటిపల్లి నుంచి తొలి పంటు ఎక్కి నీ చిన్ననాటి స్నేహితురాలు వచ్చి, గడప దాటకుండానే గుండెలు బాదుకుంది. అరుగు నిండింది, వసారా నిండింది, వీధి నిండింది. పరామర్శ మనవాళ్ళకు తరతరాలుగా అబ్బిన విద్య. మాట తక్కువ, పక్కన కూర్చోవడం ఎక్కువ. పొయ్యి వెలగని ఇంటికి పది ఇళ్ళ పొయ్యిలు అన్నం పంపాయి. గోడవారన క్యారియర్లు బారులు తీరాయి. పదకొండో రోజూ పన్నెండో రోజూ ఏ లోటూ లేకుండా జరిగిపోయాయి.

మరి అంతకుముందు పన్నెండేళ్ళు? దినదినమూ నువ్వు పోతూనే ఉన్నావే! ఒక నెలలో నీ లెక్కలు పోయాయి, ఒక నెలలో నీ దారులు పోయాయి, ఒకనాడు నీ నవ్వులోంచి నేను పోయాను. ఆ పన్నెండేళ్ళలో మన గడపకు ఒక్క క్యారియరూ రాలేదు. రానివాళ్ళను తప్పుపట్టను. బతికున్న మనిషి కోసం ఏడవడానికి మనకొక రోజు లేదు, తిథి లేదు, తంతు లేదు. పోయినవాళ్ళ గుణగణాలు వరసపెట్టి రాగం తీసి ఏడవడం తెలిసిన మన వీధి ఆడవాళ్ళకే, పోతున్నవాళ్ళకు ఏ రాగం తీయాలో తోచలేదు. పన్నెండేళ్ళ పిల్లకు ఏం తోస్తుంది? అప్పుడు పెట్టలేకపోయిన శోకం ఇది. వాళ్ళ పద్ధతిలోనే, నీ చేతులతో మొదలుపెడతాను.

నీ చేతులు, అమ్మా! దారం ఒరుసుకుని ఒరుసుకుని వేళ్ళ చివర్లు నునుపెక్కిన చేతులు. చూపుడువేలి మీద సూది కొక్కెం గీసిన సన్నని గీత ఉన్న చేతులు. నరసాపురం చుట్టుపట్ల అరుగుల మీద 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పి వెళ్ళిన విద్య, దొరసానుల బల్లల మీద పరుచుకోవడానికి మన పూరిళ్ళలో పూసిన తెల్లని పూలతోట, ఆ లేసు నీకు మీ అమ్మమ్మ నుంచి వచ్చింది. పువ్వు అల్లడం పదేళ్ళ పిల్లకైనా పట్టుబడుతుంది. నీది అతుకుపని. పది ఇళ్ళలో పది చేతులు అల్లిన పువ్వులు నీ ఒడిలోకి వచ్చేవి. ఒకటి బిగువు, ఒకటి వదులు, ఒకదాని రేకు వంకర. వాటన్నిటినీ వడ్డాణంలా, వలయంలా, విరిపాన్పులా కలిపి ఒకే దుప్పటి చేసేదానివి. కాగితం మీద గీత లేదు, పుస్తకంలో రాత లేదు. ఎక్కడ ఏ పువ్వు కూర్చోవాలో, ఎన్ని గొలుసులకు ఒక మలుపు తిరగాలో అంతా నీ తలలోనే. మరియా మీస్ అనే జర్మన్ విదుషి మన నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద 1982లో ఒక పుస్తకం వేసింది. ఇంటిపట్టున కూర్చుని లోకానికి సరుకు పంపే ఈ ఆడవాళ్ళను లోకం పనివాళ్ళుగానే లెక్కపెట్టలేదని ఆవిడ మొర. ఆ పుస్తకం సంగతి నీకు తెలియదు. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కిన సంగతీ తెలియదు. అప్పటికి నీ ఒళ్ళో దారపు ఉండ పెడితే దాన్ని అన్నం ముద్ద అనుకునేదానివి.

మొదలైంది ఒక్క అతుకుతోనే. ఏజెంటు దుప్పటి విప్పి దీపానికి అడ్డంగా పట్టి చూసి, "ఏవమ్మా, ఈ మూల పువ్వులు తిరగబడ్డాయేంటి?" అన్నాడు. నువ్వు నవ్వి, కళ్ళు సరిగా ఆనడం లేదన్నావు. నలభై నాలుగేళ్ళకు చత్వారం రావడం మామూలే కదా అని కళ్ళజోడు వేయించాం. తర్వాతి దుప్పటిలో మధ్యన కుండ పట్టేంత ఖాళీ. ఆ తర్వాతిదానిలో ఒకే పువ్వును నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు కట్టిన జాడ. సరుకు వెనక్కి వచ్చేది, కూలి కోతపడేది. నువ్వు గోడవైపు తిరిగి పడుకునేదానివి. నాన్న మిల్లు నుంచి వచ్చేలోగా, వీధి అంతా సద్దుమణిగాక, నేను నీ అతుకులు విప్పి కొత్తగా వేసేదాన్ని. నలభై క్యాండిళ్ళ బల్బు కింద, హోంవర్కు పుస్తకం మోకాలి కింద పెట్టుకుని, నువ్వు నేర్పని పనిని నీ పాత దుప్పట్లు చూసి నేర్చుకుని. తెల్లారి ఏజెంటు వచ్చి, "మళ్ళీ చెయ్యి తిరిగిందమ్మా మీకు" అంటే నువ్వు మెరిసిపోయేదానివి. ఆ మెరుపు కోసం ఎన్ని రాత్రులైనా అల్లేదాన్ని.

వైద్యం చదివినవాళ్ళు నీ జబ్బుకు చాలా పెద్ద పేర్లు చెబుతారు. నాకు అర్థమైంది ఇంతే. నీ తలలో పువ్వులు మొదట చెక్కుచెదరలేదు, అతుకులు ఊడాయి. ఉప్పు గుర్తుంది, కూర గుర్తుంది, కూరలో ఉప్పు వేసిన సంగతి గుర్తులేదు. రేవు గుర్తుంది, ఇల్లు గుర్తుంది, రేవు నుంచి ఇంటికి వచ్చే మలుపు గుర్తులేదు.

ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది, పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడింది, నువ్వు లేవు. వీధులన్నీ వెతికి చివరకు రేవుకు పరిగెత్తాను. ఆ మధ్యాహ్నం నువ్వు పంటు ఎక్కావట. అవతలి ఒడ్డున అందరూ దిగారు, నువ్వు దిగలేదు. ఇవతలి ఒడ్డున అందరూ దిగారు, నువ్వు దిగలేదు. మాధవాయిపాలెం నుంచి సఖినేటిపల్లికి, సఖినేటిపల్లి నుంచి మాధవాయిపాలేనికి, వశిష్ఠ గోదావరి వెడల్పంతా నీ కళ్ళలో మోసుకుంటూ పొద్దు వాలేదాకా తిరిగావు. ఏ ఒడ్డు నీదో ఎంచుకోలేక! పంటు వాళ్ళు నీకు టీ ఇచ్చారు, టిక్కెట్టు అడగలేదు. "పాపా, మీ అమ్మగారికి మనసు బాగున్నట్టు లేదు, ఒంటరిగా పంపకండి" అన్నాడు తాడు విసిరే పెద్దాయన. నీ జబ్బును మొట్టమొదట గౌరవంగా గుర్తించింది ఆయన. డాక్టర్లకు ఇంకా రెండేళ్ళు పట్టింది.

ఆ రెండేళ్ళు తలుచుకోవాలని లేదు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. ముట్లుడిగే వయసు చికాకన్నారు. భీమవరంలో ఒకాయన దిగులు జబ్బని మాత్రలు రాశాడు, వాటికి నువ్వు పగలంతా నిద్రపోయావు. థైరాయిడ్ చూశారు, బీ12 చూశారు. ఆ రెండూ తక్కువైనా మతి మసకబారుతుంది, మందిస్తే తేరుకుంటుంది కాబట్టి అవి తక్కువ రావాలని దేవుడికి మొక్కాను. రెండూ సరిగ్గా ఉన్నాయి. చుట్టాలు మాత్రం, "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అన్నారు. చిన్న వయసులో ఈ జబ్బు పడ్డవాళ్ళందరికీ తగిలే తొలి దెబ్బ అదే. జుట్టు నెరవని మనిషి మరిచిపోతే జనం దాన్ని జబ్బనరు, బుద్ధి అంటారు.

హైదరాబాదు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ నీ ముందు తెల్లకాగితం పెట్టి, గడియారం గీసి పదకొండూ పది చూపించమంది. నువ్వు ఎంత శ్రద్ధగా గీశావో! ముందు ముగ్గు వేసినట్టు చక్కని వలయం. తర్వాత అంకెలన్నీ ఒకే వైపు, చలికి ముడుచుకున్న పిల్లల్లా ఒకదాని మీద ఒకటి. ముళ్ళు వేయలేదు. వేయలేదని నీకు తెలుసు. పెన్సిలు పట్టుకున్న వేళ్ళు వణికాయి. కాగితాన్ని బోర్లా తిప్పి నా వైపు చూశావు, పరీక్షలో నేను తప్పినప్పుడు నీ వైపు చూసే చూపది. స్కానింగు ఫిల్ముల్లో చూపించారు. జ్ఞాపకాలను తొలుత పొదువుకునే చోటు, సముద్రపు గుర్రం ఆకారంలో ఉండే హిప్పోకాంపస్, నీ వయసుకు మించి కుదించుకుపోయిందట. ఆల్జీమర్స్ అన్నారు. అరవై ఐదేళ్ళ లోపు మొదలైతే చిన్న వయసు జబ్బు కింద లెక్కట. డొనెపెజిల్ రాశారు, తర్వాత మెమాంటిన్ కలిపారు. ఇవి జబ్బును ఆపవమ్మా, కొన్నాళ్ళు మెతకపరుస్తాయి, అని ఆవిడ నాన్నతో కాకుండా నాతో చెప్పింది. ఆ గదిలో నేనే పెద్దదాన్నని ఆవిడకు ఎలా తెలిసిందో.

ఆ తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. దొరికిన ప్రతి కాగితం, అర్థమైనంత మేర. అప్పుడు పరిచయమైంది నాకు ఫ్రాంక్‌ఫర్ట్ ఆవిడ. పేరు అగస్టె డేటర్. 1901 నవంబరులో భర్త ఆవిడను అక్కడి మానసిక చికిత్సాలయంలో చేర్చాడు. అప్పటికి ఆవిడకు 51 ఏళ్ళు. అలోయిస్ ఆల్జీమర్ అనే డాక్టరు ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగి ప్రతి జవాబూ రాసుకున్నాడు. నీ భర్త పేరేమిటంటే తన పేరే చెప్పిందట. పళ్ళెంలో కాలీఫ్లవరు తింటూ, ఏం తింటున్నావంటే పాలకూర అందట. తనను తాను పోగొట్టుకున్నానని పలవరించిందట. 1906 ఏప్రిల్లో పోయింది. ఆ నవంబరులో ట్యూబింగెన్ సభలో ఆయన ఆవిడ మెదడు గురించి ప్రసంగిస్తే, సభికులు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. 1910లో క్రెపెలిన్ తన గ్రంథంలో ఆ జబ్బుకు ఆ డాక్టరు పేరు పెట్టాడు. పేరు వైద్యుడిదైంది, వేదన ఆవిడదైంది. లోకమంతా ముసలితనపు మరుపు అనుకునే ఈ వ్యాధి, ముసలితనం రాని ఒక ఆడమనిషితోనే పుస్తకాలకెక్కిందని తెలిసి నేను నిశ్చేష్టురాలినయ్యాను. ఆవిడకొక కూతురుంది. తెక్లా. నా కళ్ళు ఆ పేరు దగ్గర ఆగిపోయాయి. తెక్లా, నీ తల్లి నిన్ను ఏమని పిలిచింది చివరకు? నిన్ను చూసి లేచి నిలబడి, పరాయివాళ్ళకు పెట్టినట్టు నమస్కారం పెట్టిందా, మా అమ్మలాగా?

మన దేశంలో లెక్కలున్నాయి. 60 ఏళ్ళు నిండినవారిలో వందకు 7.4 మందికి డిమెన్షియా ఉందని, అంటే సుమారు 88 లక్షల మందని, దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో అంచనా వేశారు. వాళ్ళందరికీ నా జోహార్లు, వాళ్ళ పిల్లలకు నా కౌగిలి. కానీ ఆ లెక్క అరవై దగ్గర మొదలవుతుంది. వృద్ధాప్య పింఛనూ అరవై దగ్గరే. నువ్వు నలభై నాలుగుకు మొదలుపెట్టి యాభై ఆరుకు ముగించావు. లేసు అల్లినప్పుడు పనివాళ్ళ లెక్కలో లేవు, అల్లిక మరిచినప్పుడు రోగుల లెక్కలోనూ లేవు. నీ బతుకంతా లోకపు పద్దుల అంచు బయటే జరిగింది. దానికి నాకు కోపముంది అమ్మా. ఈ శోకంలో ఆ కోపాన్ని కూడా కలిపే పాడతాను.

ఫ్రాన్సులో తియొడ్యూల్ రిబో అనే ఆయన 1881లోనే ఒక సూత్రం చెప్పాడు. మరుపు ముందుగా కొత్త జ్ఞాపకాల మీద పడుతుంది, పాతవి ఆఖరున పోతాయి. తొంభై ఏళ్ళ తాతగారి విషయంలో ఈ సూత్రం కొంత ఓదార్పు. మనవల పేర్లు పోయినా యాభై దాటిన కొడుకు ఇంకొన్నాళ్ళు నిలుస్తాడు. నా విషయంలో అది శిక్ష. పెళ్ళైన పన్నెండేళ్ళకు, అంతర్వేది లక్ష్మీనరసింహుడికి మొక్కి మొక్కి, నువ్వు ముప్పై రెండో ఏట కన్న ఒక్కగానొక్క బిడ్డను నేను. నీ బతుకులో ఆలస్యంగా వచ్చిన అతిథిని. అందరికంటే కొత్త జ్ఞాపకాన్ని. అంటే మరుపు నీ గడప తొక్కగానే దాని చేతికి మొదట చిక్కేది నేనే.

నేను పోయాను. ముందు నా పుట్టినరోజు పోయింది, తర్వాత నా తరగతి, తర్వాత నా ముద్దుపేరు. తర్వాత ఒక ఉదయం నువ్వు జడ వేసుకుంటున్న నన్ను చూసి, ఎంతో మర్యాదగా, "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అన్నావు.

"నీ తాలూకే" అన్నాను.

"అలాగా" అన్నావు. "కూచో. మా వాళ్ళు వచ్చే వేళయింది."

నీతో పాటు పోయిన ఇంకొక మనిషి ఉంది. మూడేళ్ళు నిండని నేను. ఆ వయసు ఎవరికీ సొంత జ్ఞాపకంగా నిలవదు. తల్లి చెబితేనే తెలుస్తుంది. నా తొలి అడుగు ఏ గడప మీద పడింది? ఏ వానరాత్రి జ్వరంతో నీ భుజం మీద వేలాడాను? బువ్వ అన్నానా ముందు, అమ్మ అన్నానా? నాన్న పొద్దుటే మిల్లుకు వెళ్ళి రాత్రికి వచ్చేవాడు, ఆయనకు నిద్రపోతున్న నేనే తెలుసు. మేలుకున్న నన్ను నువ్వు ఒక్కదానివే చూశావు. ఆ పసిదాని ఏకైక సాక్షివి నువ్వు. నిన్ను పోగొట్టుకోవడమంటే నా తల్లిని పోగొట్టుకోవడం ఒక్కటే అయితే బాగుండేది. నీ మరుపులో నా పసితనం కూడా ఊపిరాడక పోయింది. దానికి ఎవరు తద్దినం పెడతారు?

అద్దం సంగతి చెప్పాలి. నువ్వు అద్దంలో ఒక పరాయి ఆడమనిషిని చూసి భయపడడం మొదలుపెట్టావు. ఆవిడ ఇంట్లోంచి పోవడం లేదని, నీ చీర కట్టుకుందని, నీకేసి అదే పనిగా చూస్తోందని ఏడ్చేదానివి. ఒక రాత్రి ఆవిడకు అన్నం కూడా పెట్టావు, పాపం ఎవరో దిక్కులేనిదని. నాన్న అద్దానికి దుప్పటి కప్పాడు, నువ్వే అతికిన తెల్లని లేసు దుప్పటి. లేసు సందుల్లోంచి కూడా ఆవిడ కనబడుతోందంటే అద్దాన్నే తీసేశాడు. పదిహేను, పదహారు, పదిహేడు! ఆడపిల్ల అద్దం ముందు నుంచి కదలని ఆ ఏళ్ళు నేను అద్దం లేని ఇంట్లో పెరిగాను. బొట్టు పక్కింటి పిన్నిగారి గోడ అద్దంలో పెట్టుకునేదాన్ని. నా ముఖం ఎలా మారుతోందో చెప్పవలసిన నువ్వు చెప్పలేవు, చూపవలసిన అద్దం లేదు. నేను అందంగా ఉన్నానో లేదో ఇప్పటికీ నాకు స్థిరంగా తెలియదు.

నేను పెద్దమనిషినైనప్పుడు పెద్దమ్మ వచ్చి చాప వేసింది, చిమ్మిలి పెట్టింది. పేరంటాళ్ళు వచ్చారు. నిన్ను పట్టుచీర కట్టించి ముందు వరసలో కూర్చోబెట్టారు. అందరూ హారతి పాటకు తడుముకుంటున్న వేళ, నీ గొంతు లేచింది. ఒక్క చరణం తప్పలేదు, ఒక్క మాట తొట్రుపడలేదు. చిన్నప్పుడు మీ మేనత్త నేర్పిన పాట, అడుగున ఉన్నది కాబట్టి వరదకు కొట్టుకుపోని పాట. గది అంతా నివ్వెరపోయింది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది, నీకు నయమైపోతోందని అనుకుంది వెర్రితల్లి. పాట అయ్యాక నువ్వు పక్కావిడ వైపు వంగి, నాకు వినబడేలాగే అడిగావు, "ఈ పిల్ల ఎవరి పిల్లండీ? కళగా ఉంది."

ఆ మాటను నేను దాచుకున్నాను. దిష్టి తగలనివ్వని మాట అది. కన్నతల్లి ముచ్చటపడి అన్నదానికంటే, ఎవరో తెలియక అన్నది కాబట్టి నిజమే అయ్యుంటుందని.

నాన్నను నువ్వు చూడలేదమ్మా, అంటే నీ జబ్బు తర్వాతి నాన్నను. బియ్యం బస్తాల లెక్క రాసే చేతులతో నీ జడ అల్లడం నేర్చుకున్నాడు. మొదట ముడులు పడి నువ్వు కేకలు పెట్టేదానివి, ఏడాది తిరిగేసరికి పాయకు పాయ సమంగా వచ్చేది. చీర కుచ్చిళ్ళు పోయడం పెద్దమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు, సిగ్గుపడకుండా. రోజూ మూర మల్లెలు తెచ్చేవాడు. నువ్వు అవి తినబోతే పెదాల దగ్గర నుంచి మెల్లగా తీసి తలలో పెట్టేవాడు. అసురసంధ్య వేళ నీకు అలజడి లేచేది. "ఇంటికెళ్ళాలి, అమ్మ ఎదురుచూస్తా ఉంటది" అంటూ గొళ్ళెం పీకేదానివి. ఇదే నీ ఇల్లు అని నేను వాదించేదాన్ని. నాన్న వాదించేవాడు కాదు. "పద, వెళ్దాం" అని చెప్పులు తొడిగి, చేయి పట్టుకుని, వీధి చివరి రావిచెట్టు దాకా నడిపించి, చెట్టు చుట్టూ తిప్పి మళ్ళీ మన గుమ్మంలోకి తెచ్చి, "వచ్చేశాం" అనేవాడు. నువ్వు నమ్మేదానివి. మొగల్తూరు చేరినంత తృప్తిగా కాళ్ళు కడుక్కునేదానివి.

నాకు స్నానాల గది తలుపు చప్పుడు ఇప్పటికీ గుండెలో మోగుతుంది. నిన్ను నీళ్ళు పోసి కడగాలి. నీళ్ళంటే నీకు భయం, బట్టలు విప్పుతానంటే అభిమానం. గోళ్ళతో గీరేదానివి. తర్వాత నా చేతి మీది ఎర్రగీతలు చూసి, "అయ్యో, ఎవరు గీరారమ్మా?" అని ఊదేదానివి. గీరింది నువ్వే, ఊదింది నువ్వే. ఆ రెండిటికీ నడుమ నిలబడి నేను ఇంటరు పూర్తి చేశాను.

నీ జబ్బు మొదలైన ఏడే, 2013లో, హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆవిడ సహచరులు ఒక పరిశోధన వెలువరించారు. డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవారికి ఒకే భాష వారికంటే నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైందట. చదువురానివారిలోనూ అంతే. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన ఆ నగర వీధుల్లో నోటి నుంచి నోటికి తిరిగే భాషలు మతిని అంతకాలం కాపు కాశాయట. నీకు తెలుగు ఒక్కటే. ఒక్కో మనిషికి ఆ లెక్క వర్తించదని తెలుసు, అయినా ఆ అంకె మీద ఎన్నిసార్లు చేయి వేసుకున్నానో. నాలుగున్నరేళ్ళు! అవి మనకు దక్కి ఉంటే చాప వేసింది నువ్వయ్యేదానివి. పదో తరగతి ఫలితాల రోజున నా పేరు నీకు తెలిసి ఉండేది. నా ముఖం గురించి నువ్వు ఏదో ఒకటి అని ఉండేదానివి.

ఇంకో అంకె ఉంది. దాన్ని రాత్రిపూట తలుచుకోను. కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు నేరుగా రక్తంలో దిగుతుంది. 1, 14, 21 సంఖ్యల క్రోమోజోముల మీది మూడు జన్యువుల్లో ఏ ఒక్కటి చెడినా చాలు, బిడ్డకు సగానికి సగం అవకాశం. కొలంబియాలో ఆంటియోకియా కొండల్లో, యారుమాల్ చుట్టుపక్కల, అలాంటి పెద్ద వంశం ఉంది. నలభైల్లోనే ఒకరి తర్వాత ఒకరు మసకబారుతారు. ఫ్రాన్సిస్కో లోపేరా అనే న్యూరాలజిస్టు 1980ల నుంచి 2024లో కన్నుమూసేదాకా వాళ్ళ వెంటే నడిచాడు. ఆ కొండల మీద నాలాంటి పిల్లలు ఎందరో తల్లికి అన్నం తినిపిస్తూ తమ చేతిని తామే పరీక్షగా చూసుకుంటూ ఉంటారు. చిన్న వయసులో వచ్చేవాటిలో కూడా ఇలా వంశంలో దిగేవి కొన్నే, మీ వైపు ఎవరికీ లేదు కాబట్టి భయపడకని డాక్టరమ్మ చెప్పింది. నమ్ముతాను. అయినా ఎక్కడైనా తాళంచెవి మరిచిపోతే, ఆ రోజంతా నీ దుప్పట్లలోని పువ్వుల వరస మనసులో అప్పగించుకుంటాను.

నిన్ను తలుచుకుని కుమిలిపోయినప్పుడల్లా నేను వెళ్ళి తలదాచుకునే మధ్యాహ్నం ఒకటుంది. నాకు పద్దెనిమిదేళ్ళు. అప్పటికి నీ మాటలు చాలా రాలిపోయాయి, పూటకు పది మాటలు వస్తే పండగ. నీ ఒళ్ళో దారం పెట్టాను. నీ వేళ్ళు గొలుసు అల్లాయి. గొలుసు మీద గొలుసు, గొలుసు మీద గొలుసు, ఎక్కడా మలుపు తిరగని, పువ్వు కాలేని పొడవాటి తెల్లని గొలుసు. నేను దాన్ని ఉండ చుడుతూ ఎదురుగా కూర్చున్నాను. హఠాత్తుగా నీ కళ్ళు తేటపడ్డాయి. నన్ను ఎగాదిగా చూసి గొంతు తగ్గించావు.

"నీకు పెళ్ళయిందామ్మా?"

"లేదండి" అన్నాను. నిన్ను అండీ అనడం అప్పటికి అలవాటైంది.

"నాకు అయ్యి పదేళ్ళయింది. కడుపు పండలేదు. మా అత్తగారు పైకేమీ అనరు గానీ..." అని ఆగావు. నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంతర్వేదికి మొక్కుకున్నాం. తీర్థానికి వెళ్తే నా పేరు చెప్పి నువ్వొక దణ్ణం పెట్టమ్మా. పరాయివాళ్ళ దణ్ణం తొందరగా వింటాడంటారు."

అప్పుడు తెలిసింది అమ్మా, నువ్వు ఎక్కడికి వెళ్ళావో. నన్ను మరిచి శూన్యంలోకి పోయావని ఆరేళ్ళుగా అనుకున్నాను. నువ్వు నేను పుట్టకముందటి ఇంట్లోకి వెళ్ళావు. అక్కడ కూర్చుని నా కోసమే కన్నీళ్ళు పెట్టుకుంటున్నావు. నా పేరు పోయింది, ముఖం పోయింది, నన్ను కోరుకోవడం మాత్రం పోలేదు. నేను వచ్చిన సంగతి మరిచి, నేను రావాలని ఎదురుచూస్తున్నావు. నీ మోకాలికి జానెడు దూరంలో కూర్చున్న నన్ను కనడానికి ఉపవాసాలుంటున్నావు.

"ఆడపిల్ల కావాలా, మగపిల్లాడా?" అన్నాను. గొంతు నాది కాదు.

"ఎవరైనా ఫరవాలేదు." గొలుసు వైపు చూసుకున్నావు. "ఆడపిల్లయితే అతుకుపని నేర్పుతాను."

"పుడుతుందండి. ఆడపిల్లే పుడుతుంది. మీ పని అంతా నేర్చుకుంటుంది."

నీ ముఖం విప్పారింది. ఎన్నేళ్ళ తర్వాతో నీ నవ్వు మొత్తం చూశాను, కింది పన్ను వంకరతో సహా. నా గడ్డం పట్టుకుని, "నీ నోట్లో పంచదార పొయ్య! నీ మాట నిజమై పుట్టిందంటే, నీకు చీర పెడతానమ్మా" అన్నావు.

పుట్టానమ్మా. ఆ చీర నాకు ఇంకా ముట్టలేదు.